రాకాసి రాణి గొంతు

కూకా అక్కను వీధిలో ఎవరూ గుర్తుపట్టరు. మెక్సికో నగరంలో, మా పోర్తాలెస్ పేట సంతలో మిరపకాయలు బేరమాడే బొద్దు మనిషి, అంతే. నోరు తెరిచి "ఇవి వాడిపోయాయి" అంటే మాత్రం పక్కనున్న మీసాల పెద్దమనిషి కూడా ఉలిక్కిపడతాడు. చిన్నప్పుడు అతను మంచం కింద దూరింది ఆ గొంతు వినే.

విదేశీ సినిమాలకు మా భాషలో మాటలు పెట్టే స్టూడియోలో ముప్పైనాలుగేళ్లు ఆ గొంతు రికార్డు చేసింది నేనే. మంత్రగత్తెలు, సవతి తల్లులు, పాము రాణులు, అందరూ ఆమే. ఎక్కువ పేరు తెచ్చింది మాత్రం పిల్లల ఎత్తు కొలిచి, పెరిగినంతా దొంగిలించే రాకాసి రాణి. ఆ సినిమాలో పారిపోయే పిల్లకు గొంతిచ్చింది ఆమె కూతురు నయేలి. అప్పుడు దానికి ఏడేళ్లు.

రికార్డింగులో తల్లి రాణిలా గద్దిస్తుండగా నయేలి విసుగుపుట్టి మైకు వదిలి తలుపు వైపు నడిచింది. కూకా అక్క చేతిలో మాటల కాగితం మరిచిపోయి "ఎక్కడికే తల్లీ?" అంది. అది రికార్డయిపోయింది. తీసేద్దామన్నాను. డైరెక్టరు వినలేదు. రాకాసి అచ్చం అమ్మలా పిలిచిందని దేశంలో పిల్లలంతా జడుసుకున్నారు.

పాత రికార్డు పాడైందని నిరుడు ఆ సినిమాకు మళ్లీ మాటలు పెట్టాలన్నారు. రాణి తనదేనన్న ధీమాతో కూకా అక్క జుట్టుకు రంగేసుకుని వచ్చింది. మూడో వాక్యానికే ఊపిరి అందలేదు. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. కొత్త డైరెక్టరమ్మ ఇబ్బందిపడుతూ, రాణికి గొంతిమ్మని తల్లికి తోడొచ్చిన నయేలిని అడిగింది.

"అమ్మ ఒప్పుకుంటేనే" అంది నయేలి.

"నా నోట్లోది లాక్కున్నాక ఇంకా నన్నడగడం దేనికి? కానివ్వండి" అంటూ కూకా అక్క నా పక్కన కూర్చుంది. ఒళ్లో సంచీని రెండు చేతులా పట్టుకుంది.

రికార్డింగు గది అద్దం అవతల నయేలి మొదలుపెట్టింది. అచ్చుగుద్దినట్టు తల్లి గొంతే. భయం మాత్రం వేయలేదు.

"ఎలా అరుస్తోందో చూడు. రాణికి కోపం అనుకుంటోంది, పిచ్చిది."

"మరేంటక్కా?"

"భయంరా బెతో. ఆ పిల్ల ఇవాళ భుజం దాకా వచ్చింది, రేపు గడప దాటుతుంది. దానికి ఏడుస్తోంది ఆ రాణి."

మా ఇంటి తలుపు చెక్క మీద నా కొడుకుల ఎత్తు గీతలున్నాయి. వాళ్లు నన్ను దాటాక గీయడం మానేశాను. ఎందుకు మానేశానో ఆ మాటతో తెలిసింది. సిగ్గేసింది.

"ఇక నాకిక్కడ పనేముంది" అని కూకా అక్క లేచి తలుపు వైపు నడిచింది. నయేలి అద్దంలోంచి చూసింది. చేతిలో కాగితం సంగతే మరిచిపోయింది.

"ఎక్కడికే తల్లీ?"

మెల్లగానే అంది. స్పీకర్లో గదంతా వినిపించింది. తలుపు పిడి మీద చెయ్యి అలాగే ఉంచి కూకా అక్క నిలబడిపోయింది.

"ఇన్నేళ్లూ పిల్లల్ని ఇంతలా భయపెట్టానట్రా నేను?" అంది. కళ్లు తుడుచుకుంటూ వచ్చి మళ్లీ నా పక్కన కూర్చుంది. "రాణి ఇక దానిదే. ఆ మాట ఉంచండి."

ఈసారి తీసేద్దామని నేననలేదు.