నీళ్ల డ్రెస్సు

పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తూ వంగి ఉన్నాను. నా వయసులో అలా వంగితే మళ్లీ లేవడానికి ఏదో ఒక సాకు కావాలి. సరిగ్గా అప్పుడే మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. వెనక బస్సుల హారన్లు, ముందు బేరాల గోల. ఒక చెవి మూసుకుని విన్నాను. "పెద్దమ్మా, క్రిస్మస్ సెలవులల్ల నీళ్ల పార్కుకు పోతున్నం. ఊరి బయట ఉన్నది సూడు, గదే. ఆఫీసోళ్లం అందరం. పండుగ ముంగట శనివారం." మంచిది, వెళ్లి రమ్మన్నాను. ఆ పిల్ల, "మమ్మీ డ్రెస్ ఏస్కుంట. అమ్మమ్మను నువ్వే అడుగు," అని పెట్టేసింది. చేతిలో ఉన్న పుస్తకం ఏదో కూడా చూసుకోకుండా కొనేసి, నాంపల్లి దాకా నడిచే వచ్చాను. ఆటో ఎక్కితే ఇల్లు తొందరగా వచ్చేస్తుంది, అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది.

మా అమ్మది ఒక నియమం. డిసెంబరులో కొన్న కొత్త బట్ట ఏదైనా, చివరికి చేతిరుమాలైనా సరే, ముందు ఆమె ట్రంకుపెట్టెలోకి వెళ్లాల్సిందే. పండుగ ముందురోజు సాయంత్రం వాటన్నిటినీ మంచం మీద పరిచి, ఒక్కొక్క దాని మీద చెయ్యి పెట్టి, కట్టుకోబోయే మనిషి పేరు చెప్పి ప్రార్థన చేస్తుంది. ఆ తర్వాతే ఎవరి బట్ట వారి చేతికి వస్తుంది, తెల్లారి గుడికి, అదే చర్చికి, వెళ్లేటప్పుడు ఒంటి మీదికి ఎక్కుతుంది. నాన్న ఉన్న రోజుల్లో ఆయన బనియన్లకు కూడా మినహాయింపు లేదు. చిరుగుల బనియన్ మీద చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్తూ, కొత్తవి ఇంట్లో ప్రభువు కోసం కాచుకుని ఉన్నాయని అందరికీ చెప్పుకునేవాడు. ఆ నియమాన్ని మేమంతా వెక్కిరించేవాళ్లమే, మీరినవాళ్లం మాత్రం ఒక్కరం లేము.

చెల్లెలికి కిడ్నీలు పోయిన ఏడాది దాని కూతురు మూడో తరగతి. వారానికి మూడుసార్లు మరిది చెల్లెను స్కూటర్ మీద దవాఖానకు తీసుకెళ్లి, మిషన్ మీద రక్తం శుభ్రం చేయించి తెచ్చేవాడు. మెడ దగ్గర ఒక పైపు పెట్టారు, అది తడవకూడదు. తాగే నీళ్లకూ కొలత. వేసవిలో కూడా ఒక మంచుముక్క బుగ్గన పెట్టుకుని, అది కరిగేదాకా మాట్లాడకుండా కూర్చునేది. అటువంటి మనిషికి ఉన్న ఒకే ఒక్క కోరిక, కూతుర్ని తీసుకుని ఆ నీళ్ల పార్కుకు వెళ్లడం. అక్కడొక చెరువంత తొట్టి, అందులో అలలు వస్తాయట. "తాగనియ్యకున్నా పాయె అక్కా, మెడ దాక మునిగి కూసుంట. నీళ్లే వచ్చి నన్ను కొడ్తయి," అనేది. మిషన్‌కు కలపడానికి చేతికి ఆపరేషన్ చేసి నరం సిద్ధం చేస్తున్నారు. అది పనికొస్తే మెడలో పైపు తీసేస్తారు, అప్పుడు వెళ్లొచ్చని ఆశ. ఆ చేతికి చెవి ఆనిస్తే లోపల కుట్టుమిషన్ తిరిగినట్టు వినిపించేది. చెల్లె కూతురు అలా చెవి పెట్టుకునే నిద్రపోయేది.

ఆ పార్కులో నైలాన్ బట్టలు ఉంటేనే నీళ్లలోకి రానిస్తారని ఎవరో చెప్పారు. అక్కడే కిరాయికి దొరుకుతాయి గానీ, ఎవరో తడిపిన బట్ట వేసుకోవడానికి చెల్లెకు మనసొప్పలేదు. పైగా మెడ మీద మిగిలే గుర్తు, చేతి మీద ఉబ్బిన నరం నలుగురికీ కనబడతాయి. డిసెంబరు పుట్టగానే అబిడ్స్‌లో దుకాణాలన్నీ ఇద్దరం తిరిగాం. అడుగడుగునా ఆయాసపడుతూ, ఆగినప్పుడల్లా అద్దాల్లో చీరలు చూస్తున్నట్టు నటించేది. చివరికి నెమలికంఠం రంగు నైలాన్ గుడ్డ దొరికింది. నాంపల్లిలో మా గల్లీ మొదట్లో ఉండే ముసలి దర్జీ దాన్ని చేత్తో నలిపి చూసి, "ఏంది బేటా, రెయిన్‌కోటా?" అన్నాడు. నిండు చేతులు, మెడ దాకా కాలరు, కింద ఎలాస్టిక్ పైజామా అని చెల్లె చెప్తుంటే, ఇది వేసుకుని నీళ్లలో దిగేదానికి ఇంట్లో నల్లా కిందే కూర్చోవచ్చు కదా అన్నట్టు నా వైపు చూశాడు. చెల్లె గోడకు చేరగిలబడి కడుపు పట్టుకుని నవ్వింది. అది అలా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

ఆ వారంలోనే మెడ పైపు తీసేశారు. గాయం మానింది. పండుగ ముందు శనివారం వెళ్లొచ్చు, ఎక్కువసేపు ఉండొద్దు అన్నాడు డాక్టరు. పిల్లకు బడి సెలవులు ఇచ్చేశారు, మరిది లీవు పెట్టాడు. డ్రెస్సు మాత్రం అప్పటికే అమ్మ పెట్టెలో, పండుగ బట్టల మధ్య ఉంది. అడిగితే అమ్మ కళ్లు పెద్దవి చేసింది. "పండుగ గాకముందే కొత్త బట్ట ఎట్ల ఏస్కుంటరు? గీ నాలుగు దినాలు ఆగితె ఆ నీళ్లు ఎండిపోతయా?" చెల్లే అమ్మ పక్షాన చేరింది. "ఔ అక్కా, అమ్మ ప్రార్థన లేకుండ నీళ్లల్ల దిగుడంటె నాక్కూడ భయమే," అంది. ప్రయాణం పండుగ తర్వాతి శనివారానికి మారింది.

పండుగ ముందురోజు సాయంత్రం అమ్మ అన్ని బట్టల మీదా ప్రార్థన చేసి, నైలాన్ డ్రెస్సు మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం తడబడింది. దాన్ని ఏమనాలో తెలియక, "ప్రభువా, ఈ నీళ్ల డ్రెస్సు..." అంది. పిల్ల కిసుక్కున నవ్వింది. తెల్లారి చెల్లె పట్టుచీర కట్టుకుని గుడికి వచ్చింది. మరునాడు ఊపిరి అందలేదు. దానికి ఆ శనివారం రాలేదు. పాత సంవత్సరం ఇంకా ఉండగానే చెల్లె వెళ్లిపోయింది.

అప్పటినుంచి ప్రతి పండుగకూ అమ్మ కొత్త బట్టలతోపాటు ఆ డ్రెస్సునూ బయటికి తీసి మంచం మీద పెడుతుంది. మడత విప్పదు. చెయ్యి పెడుతుంది, పేరు మాత్రం పలకదు. ఎవరూ వేసుకోలేదు గనక అది మా ఇంట్లో ఎప్పటికీ కొత్త బట్టే.

ఇవన్నీ నెమరేసుకుంటూ ఇల్లు చేరాను. పిల్ల కోరిన సంగతి చెప్పాను. అమ్మ వీధిలోంచి నా వైపు తిరిగింది. "పండుగ ముంగటనే పోతున్నదా?" అంది. ఔనన్నాను. బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి నా చేతికిచ్చింది. "ఇచ్చెయ్యి. గప్పుడే ఇయ్యాల్సింది. నా పిల్ల ఒక్క పూట నీళ్లల్ల ఆడుకుంటె దేవుడు కోపగిస్తడా? నాకెందుకు తోచలే?" తాళంచెవి తీసుకుని పెట్టె దగ్గరికి వెళ్లాను.

మడత విప్పి పైజామా నడుము లాగితే, లోపల ఎలాస్టిక్ ఎండిన అప్పడంలా పటపటమని విరిగి, పొడిపొడిగా ఒళ్లో రాలింది. గుడ్డ మాత్రం చెక్కుచెదరలేదు. గల్లీ మొదట్లో దర్జీ లేడు, ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. అమ్మే తన పాత లంగా నాడా లాగి, దాని కొసకు పిన్నీసు గుచ్చి, సరిగా కనబడని కళ్లతో, ఆ నడుం పట్టీలోంచి కొంచెం కొంచెంగా దూర్చింది. నేను చేస్తానంటే చెయ్యి తోసేసింది.

నిన్న శనివారం పిల్ల వెళ్లి వచ్చింది. తడి డ్రెస్సు ప్లాస్టిక్ సంచిలో తెచ్చి దండెం మీద ఆరేసింది. అందులోంచి ఒకటే పార్కు నీళ్లలో కలిపే మందుల వాసన. అమ్మ గోడ పట్టుకుంటూ వెళ్లి కింద నిలబడింది. అంచు నుంచి కారే నీళ్లు చేతిలో పట్టి చూసుకుంది. "ఇగ పాతదైంది," అంది.

కొత్త బట్ట పాతబడటానికి ఒక్క పూట చాలు. ఆ పూట వచ్చేలోగా మా ఇంట్లో ఒక పిల్ల తల్లి లేకుండా పెరిగి పెద్దదైపోయింది.