ద్రౌపది గడ్డానికి బ్లేడు

మా ఆయనది ముళ్ళకంప లాంటి గడ్డం. పొద్దున గీసుకుంటే పొద్దుగూకేసరికి మళ్ళీ చేతికి గీరుకునేది. మదనపల్లెలో చెనక్కాయల మండీలో మూటలు మోసేవాడు. మూటలు మోసేవాడి గడ్డం నున్నగా ఉందా, గరుగ్గా ఉందా అని ఎవరు చూస్తారు? కానీ ఎండలు ముదిరి పల్లెల్లో భారతాలు మొదలైతే ఆయన మండీకి పోయేవాడు కాదు. ద్రౌపది వేషం కట్టేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన ద్రౌపదికి పేరుంది. ఆ గొంతు అట్లాంటిది, ఆ కళ్ళు అట్లాంటివి. ఆ గడ్డం ఒక్కటే శత్రువు.

భారతం అంటే మా వైపు పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం కథ చెబుతారు, రాత్రికి ఆట ఆడతారు. రాత్రి ఆటలకు నాకు దిగులు లేదు. పెట్రోమాక్స్ దీపాల వెలుతురులో రంగు దట్టంగా పూసుకుంటే ఎంత గడ్డమైనా కనపడదు. చివరి రోజే నా ప్రాణం తీసేది. ఆ రోజు ఆట పొద్దున, ఎండలో. నేల మీద మట్టితో దుర్యోధనుడిని పెద్ద కొండంత చేసి పడుకోబెడతారు. భీముడు తొడ పగలగొడతాడు. ద్రౌపది వచ్చి ఆ రక్తం జుట్టుకు రాసుకుని ముడి వేసుకుంటుంది. ఆ కాసేపూ వేషం కట్టినవాడు మగవాడని ఎవరూ అనుకోరు, అమ్మవారే అనుకుంటారు. ఆడవాళ్ళు చంటిబిడ్డల్ని తెచ్చి కాళ్ళ దగ్గర పెడతారు. చెంపలు నిమిరి మెటికలు విరుస్తారు. అంత దగ్గరికి వస్తారు. ముందురోజు సాయంత్రం గీసుకున్న గడ్డం, రాత్రంతా రంగు కింద చెమటలో నాని, తెల్లారేసరికి మొలకలై పొడుచుకొస్తుంది. ఇక ఏం దాస్తావు?

మళ్ళీ తెల్లారి గీసుకుంటే పోతుంది కదా అంటారు. గీసుకునేవాడు. రాత్రి రంగుకు ఒరుసుకుపోయిన తోలు మీద మొద్దు బ్లేడు పెట్టి, ఎద్దు మడక లాగినట్టు లాగేవాడు. చెంప మంట, దవడ కింద గవద మంట. దాని మీద మళ్ళీ రంగు. ఇంటికి వచ్చేసరికి ముఖం నిండా చీముగుల్లలు. వేపాకు నూరి పట్టించేదాన్ని.

బ్లేడు మంచిది కాదని నాకు తోచింది. నాకు సంతకం తప్ప రాయడం రాదు, పేర్లు చదవలేను. ప్యాకెట్టు రంగును బట్టి గుర్తు పెట్టుకునేదాన్ని. ఆయన వాడేది ఎర్ర కాగితం బ్లేడు. అది పనికిరాదని, ఒకరోజు పనికి పోతూ బజారులో సాయిబు ఫ్యాన్సీ అంగడి దగ్గర ఆగాను. గాజులు, రిబ్బన్లు కొనే ఆడవాళ్ళ మధ్య నిలబడి అడిగాను.

"బాగా పదునుండే బ్లేడు ఇయ్యప్పా."

సాయిబు నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. "గడ్డం ఎవరికమ్మా, నీకా?"

గాజులు తొడిగించుకుంటున్న ఒకామె కిసుక్కుమని నవ్వింది. నేను ఊరుకుంటానా?

"నాకే. నీకు మల్లే పెంచుకోవాలంటే మా ఆయన ఒప్పుకోడు."

సాయిబు గడ్డం నిమురుకుని తనూ నవ్వాడు. అడుగు అరలోంచి ఒక చిన్న ప్యాకెట్టు తీశాడు. బయటి దేశం సరుకు అన్నాడు. "శానా పదునమ్మా, మెల్లగా గీక్కోమను" అని కూడా చెప్పాడు. పదును అన్న మాట మాత్రం నా చెవిలో పడింది. మెల్లగా అన్న మాట బజారులోనే పారేసుకున్నాను. ఇంటికి వచ్చి ఆయనకు బ్లేడు ఇచ్చాను కానీ ఆ మాట ఇవ్వలేదు.

నాలుగు రోజులకు పుంగనూరు పక్కన ఒక పల్లెలో భారతం ముగింపు. తెల్లారి ఆయన ఆ కొత్త బ్లేడు బిగించుకుని, పాత అలవాటుగా అదిమి లాగాడు. గవద కింద తెగింది. పటిక రాసి, పొడి అద్ది, దాని మీద రంగు పూసుకున్నాడు. జుట్టు ముడి వేసుకునే వేళకు, రెండు చేతులూ పైకెత్తి పద్యం పాడుతుంటే, తెగిన చోటు మళ్ళీ విచ్చుకుంది. రంగు మీద ఎర్రగా గీత దిగింది, మెడ దాకా. ఆడవాళ్ళ వెనక నుంచి ఎవడో అరిచాడు.

"ఏమప్పా, భీముడు కొట్టింది దుర్యోధనుడినా, ద్రౌపదినా?"

నవ్వులు. అమ్మవారిని చూడటానికి వచ్చినవాళ్ళు నవ్వారు. కాళ్ళ మీద పెట్టబోయిన బిడ్డను ఒక తల్లి వెనక్కి తీసుకుంది. అది నేను కళ్ళారా చూశాను.

ఆట నేర్పే అయ్యవారు రంగు కడుక్కునే చోటికి వచ్చి గట్టిగా ఏమీ అనలేదు. గట్టిగా తిట్టినా బాగుండేది.

"కుప్పం భారతం ముగింపుకు ఇంకా పన్నెండు దినాలుండాయి. ఆ పగటాట వరకూ సూస్తా. ఆడ కూడా ఇట్లే అయితే పుంగనూరు టైలరుకు ఇచ్చేస్తా ద్రౌపదిని. ఆయప్పకు ముప్పై ఏండ్లొచ్చినా గడ్డమే మొలవలేదు."

ఇంటికి వచ్చాక మా ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి కలిపి వదిలేశాడు. "ఏడాదిలో ఆ నాలుగు దినాలే మేయ్ నేను మనిషిని. మిగిలిన దినాలన్నీ మూటే" అన్నాడు. నేను బ్లేడు కొనకపోయి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. ఆ పన్నెండు రోజులూ నాకు కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాలేదు.

నేను అప్పట్లో పట్టుగూళ్ళ నుంచి దారం తీసే పనికి పోయేదాన్ని. పని అయ్యాక రోజుకొక అంగడి తిరిగాను. ఆకుపచ్చ కాగితం, నీలం కాగితం, పసుపు కాగితం, ఏది దొరికితే అది ఒక్కొక్కటి విడిగా అడిగి తెచ్చాను. ఆయన ముఖం మీద పెట్టి చూడటానికి లేదు, పుండు మానాలి. నా చేతి మీదే పెట్టుకున్నాను. మోచేతి కింద నూగు ఉంటుంది కదా, అది గీసి చూశాను. ఆకుపచ్చది వెంట్రుకను పట్టి లాగింది. నీలంది గీసింది కానీ చెయ్యంతా దురద పుట్టించింది. బయటి దేశం బ్లేడు తాకితే చాలు, తోలు వచ్చేటట్టుంది. పసుపుది మాత్రం ఏమీ తెలియనియ్యలేదు. గీసిందా లేదా అని వేలితో తడుముకుని చూసుకోవాల్సి వచ్చింది.

పక్కింటామె నా చేతులు చూసి గడపలోనే ఆగిపోయింది.

"ఏమ్మే, చేతులకేమైంది? ఒగ చెయ్యి కోడిని పెరికినట్టుండాదే!"

"మందు రాసుకుంటాండానక్కా."

"యాల? ఏం రోగం?"

"గడ్డం రోగం" అన్నాను. ఆమె తన గడ్డం తడుముకుంటూ వెళ్ళిపోయింది.

బ్లేడు దొరికింది కానీ నా దిగులు తీరలేదు. ఆయన చెయ్యి మూటల చెయ్యి. ఏ బ్లేడు ఇచ్చినా అదుముతాడు. పనిలో వేడినీళ్ళ తొట్టి ముందు కూర్చుని ఉన్నప్పుడు నాకు తట్టింది. పట్టుగూడు పొడిగా ఉన్నప్పుడు లాగితే దారం తెగుతుంది. వేడినీళ్ళలో మెత్తబడితే, కొస పట్టుకుని వేలితో ఊరికే తోడు పోతే చాలు, అదే వస్తుంది. గడ్డం మాత్రం అంతకంటే మొండిదా? ఆయన చన్నీళ్ళు చల్లుకుని, సబ్బు రుద్దుకుని, వెంటనే లాగుతాడు.

పుండు మానిన రోజు ఇంట్లో తలుపు వేసి నీళ్ళు కాచాను. "కూర్చో. నేను గీస్తా" అన్నాను.

"నువ్వా? ఆడదానితో గడ్డం గీయించుకుంటే నలుగురు ఏమంటారు మేయ్?"

"పైట వేసుకొని నలుగురి ముందర ఎగిరేటప్పుడు రాని సిగ్గు, తలుపేసుకుంటే వచ్చిందా?"

కూర్చున్నాడు. వేడి గుడ్డ ముఖానికి కప్పి పట్టుకున్నాను. నురగ పట్టించాను. పసుపు కాగితం బ్లేడు. గడ్డం గీసే సెట్టు బరువు సెట్టుదే, నాది తోడు మాత్రమే. గరగరా వినపడే చోట మళ్ళీ గుడ్డ వేశాను. అయిపోయాక ఆయన అరచేతితో చెంపలు తడుముకుని, అద్దంలో చూసుకుని, మళ్ళీ తడుముకున్నాడు. మర్నాడు ఉదయమే కుప్పం వైపు ఆటగాళ్ళ దళంతో వెళ్ళిపోయాడు. ముగింపు ముందురోజుకు బ్లేడు తీసుకుని నేను వస్తానని చెప్పి పంపాను.

అప్పుడు చూస్తే మదనపల్లెలో పసుపు బ్లేడు లేదు. ఉన్న ఒక్కటీ ఇంట్లో గీసేటప్పుడే వాడేశాను. ముందే నాలుగు కొని పెట్టుకోవాలన్న తెలివి నాకు రాలేదు. నాలుగు అంగళ్ళు తిరిగాను. చివరికి ఫ్యాన్సీ అంగడి సాయిబే చెప్పాడు. "పుంగనూరులో మా తమ్ముని అంగడుండాదమ్మా. ఆడ ఉంటే ఉంటాయి."

ముగింపు ముందురోజు పొద్దున బస్సెక్కాను. పుంగనూరులో దిగేసరికి మధ్యాహ్నమైంది, ఆ అంగడి తలుపు వేసి ఉంది. శుక్రవారం, నమాజుకు పోయాడన్నారు. అరుగు మీద కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. కుప్పం బస్సు ఒకటి నా కళ్ళ ముందే వెళ్ళిపోయింది. అది పోయిన తర్వాత ఆయన తాపీగా వచ్చి తాళం తీశాడు. అరలన్నీ వెతికి రెండు బ్లేడులు చేతిలో పెట్టాడు.

"ఇవే ఉండాయమ్మా. గడ్డం అంత తొందరేం, పెండ్లికొడుకా?"

"పెండ్లికూతురు" అని చెప్పి బస్టాండుకు పరిగెత్తాను.

కుప్పం దిగి, ఆ పల్లెకు నడిచి చేరేసరికి ఆట మొదలైంది. ఆడవాళ్ళలో కూర్చున్నాను కానీ ఆట చూడలేదు. కొంగు ముడిలో బ్లేడులు ఉన్నాయా లేదా అని తడుముకుంటూనే ఉన్నాను. తెల్లవారింది. టీ అంగడిలో చెంబు నిండా వేడినీళ్ళు పట్టించుకుని, వేషాలు కట్టుకునే చోట అడ్డంగా కట్టిన టార్పాలిన్ పట్టా వెనక్కి పోయాను. ఆడవాళ్ళు అక్కడికి పోకూడదు. మా ఆయన పట్టా మూల ఒక్కడే కూర్చుని ఉన్నాడు, చీర కట్టుకుని, మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని.

కొబ్బరినూనెతో రంగు తీసి, సీకాయతో జిడ్డు కడిగాను. వేడి గుడ్డ వేశాను. సెట్టులో బ్లేడు పెట్టబోతే తడి వేళ్ళలోంచి జారి అది మట్టిలో పడింది. మట్టిలో పడిన బ్లేడు ఆ ముఖానికి పెట్టలేను. వేళ్ళు కొంగుకు తుడుచుకుని రెండోదాన్ని బిగించాను. కుడి చెంప అయింది. పెదవి మీద అయింది. ఎడమ చెంప అయింది. గవద కిందికి వచ్చాను, పాత గాటు దగ్గరికి. పట్టా అవతల అయ్యవారి గొంతు.

"ఏమప్పా, ఇంకా ఎంతసేపు? భీముడు గద పట్టుకొని నిలబడుండాడు!"

"వస్తాండానప్పా!" అని ఈయన గట్టిగా అరిచాడు. బ్లేడు గొంతు మీదే ఉంది. బ్లేడు కింద గొంతు పైకి లేచి కిందికి దిగింది. సెట్టు పక్కకు తీసి చూశాను. రక్తం రాలేదు. కానీ అయ్యవారు పట్టా ఎత్తుతాడని ఆయన నా చెయ్యి తోసేసి లేచాడు, రంగు అందుకున్నాడు. నేను వెనక సందులోంచి బయటపడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది, ఎడమ గవద కింద గోరంత చోటు మిగిలిపోయిందని.

ఎండ కళ్ళలో పడుతోంది. అందరూ ద్రౌపదిని చూస్తుంటే నేను ఆ గోరంత చోటును చూస్తున్నాను. జుట్టు ముడి వేసుకుంది. ఆడవాళ్ళు ముందుకు తోసుకుపోయారు. ఒక ముసలామె రెండు చేతులూ చాచి చెంపలు పట్టుకుంది. కుడి చెయ్యి జారుతూ ఎడమ గవద దాకా వచ్చింది. వచ్చి ఆగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"నా తల్లీ, ఏం నునుపే! మా కోడలికి కూడా లేదే ఇట్లా!" అని ఆమె మెటికలు విరిచిన చప్పుడు నాకు వినపడింది.

ఆట అయ్యాక అయ్యవారు అందరి ముందర మా ఆయనకు తాంబూలం ఇచ్చాడు. మా దగ్గర తాంబూలం పుచ్చుకుంటే వచ్చే ఏడు వేషం ఖాయమైనట్టు. పుంగనూరు టైలరు చప్పట్లు కొట్టాడు. అయ్యవారు దగ్గరికి వంగి అడిగాడు. "ఏం బ్లేడప్పా అది?"

"పుంగనూరులో దొరికిందిలే" అన్నాడు మా ఆయన. నా వైపు చూడలేదు.

బస్సులో అడిగాను, నేను గీశానని యాల చెప్పలేదని. "చెప్తే దళమంతా గడ్డాలు పట్టుకొని మన వాకిట్లో కూర్చుంటారు మేయ్" అన్నాడు. నవ్వొచ్చింది, నవ్వాను. మదనపల్లె వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ తర్వాత ఇంకా తొమ్మిదేళ్ళు ఆడాడు. ప్రతి ముగింపుకూ నేను పట్టా వెనక సందులోంచి పోయి గీశాను. ఒక్కసారి కూడా తెగలేదు. ఆయన ఒక్కసారి కూడా ఎవరితోనూ చెప్పలేదు. ఆయన చనిపోయిన ఏడాది దళం వాళ్ళు ఇద్దరు ఇంటికి వచ్చారు. ఇప్పుడు టైలరు కట్టాలి ద్రౌపదిని, అతనికీ నలభై దాటాక గడ్డం మొలిచిందట. "అన్న వాడిన బ్లేడు పేరేందమ్మా?" అని అడిగారు. నాకు పేరు రాదు, పసుపు కాగితం అని చెప్పాను. వాళ్ళు దండం పెట్టి లేచారు. వేడినీళ్ళ సంగతి, చెయ్యి సంగతి చెప్పాలా వద్దా అని కూర్చుండిపోయి, చెప్పేద్దామని వాకిట్లోకి వచ్చేసరికి వాళ్ళు వీధి మలుపు దాటిపోయారు.