ఎడంచేతికి కట్టిన గుడ్డ

ఎనభైల్లో ఒక వేసవి, అనంతపురం నుంచి విస్సన్నపేటలో మా అక్క ఇంటికెళ్ళాను. ఆవకాయకి కాయలు కొట్టించుకు రమ్మని అక్క సంతకి పంపింది. అక్కడ కాయలు కొట్టే ముసలావిడ కత్తి ఎడంచేత్తో ఎత్తింది.

"పచ్చడికి కదా అవ్వా, కుడిచేత్తో కొట్టు," అన్నాను.

"చిన్నప్పుడు మా అమ్మ ఈ చేతికి గుడ్డ కట్టిందమ్మా. కుడిచేత్తో కత్తి పట్టిస్తే ఇదిగో, ఈ వేలు తెగింది. ఆ రోజే అమ్మ ఆ గుడ్డ పొయ్యిలో పడేసింది. ఇది పుట్టుకతో వచ్చిన చెయ్యి. ఇష్టం లేకపోతే ఇంకెక్కడైనా కొట్టించుకోండి."

టెంక ఒక్క దెబ్బకి రెండు చెక్కలైంది. అన్ని కాయలూ ఆవిడ చేతే కొట్టించాను.

అనంతపురంలో మా ఇంటికి తిరిగి చేరిన రోజే, నాలుగేళ్ళ మా అమ్మాయి ఎడంచేతికి నేనే కట్టిన గుడ్డ విప్పి, అత్తగారు చూస్తుండగానే పొయ్యిలో పడేశాను.