వసుంధర టీచర్ చేయించిన ఫోన్

ఇవాళ దుకాణంలోకి వచ్చిన ఒక పెద్దాయన మాట్లాడుతుంటే లవంగం వాసన వచ్చింది. వెంటనే వసుంధర టీచర్ గుర్తొచ్చారు. మెదక్‌లో మా గిన్నెల దుకాణం వెనక సందులోనే ఆమె ఇల్లు. బుగ్గన లవంగం పెట్టుకుని పదో తరగతిలో నాకు ఇంగ్లిష్ చెప్పారు. రిటైరయ్యాక కూడా నన్ను పదో తరగతి దాటనివ్వలేదు.

బేరగాళ్ల మధ్య పెరిగినవాణ్ణి. తెలియకపోయినా తెలిసినట్టు తలూపడం మా ఇంటి విద్య. ఆ విద్యతోనే ఒకసారి మునగబోయాను. నాన్న దుకాణం నా చేతికిచ్చిన ఏడాది, పుణెలో హోటల్ పెడుతున్న ఒకాయన పెద్ద వంట గంజులన్నీ మా దగ్గరే కొనాలనుకుని ఫోన్ చేశాడు. ఊరు దాటి వచ్చిన మొదటి బేరం. ధరలన్నీ మాట్లాడాక చివర్లో, "ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్" అన్నాడు. ముక్క అర్థం కాలేదు. "యెస్ సర్, యెస్ సర్" అన్నాను. నాలుగు రోజులు ఫోన్ లేదు. ధర తగ్గించడానికి బిగుసుకుని కూర్చున్నాడనుకుని, నేనూ బిగుసుకుని కూర్చున్నాను.

ఐదో రోజు టీచర్ గిన్నెకు మూత కోసం వచ్చారు. నా ప్రతాపం చెప్పుకున్నాను. ఆమె పడీ పడీ నవ్వారు.

"ఓరి శీనూ! ఇగ నువ్వే తేల్చాలె అన్నడురా ఆయన. నీ జవాబు కోసం చూస్తుండు."

"నాకేం ఎర్క టీచర్? మీరు క్లాసుల చెప్పలే."

"చెప్పిన. నువ్వు తలకాయ ఊపినవ్." స్టూలు లాక్కుని కూర్చున్నారు. "గిరాకీ 'చూసొస్తం' అని లేస్తె, ఏం చూసొస్తరని అడుగుతవా?"

"అడగ. ఇగ రారని ఎర్క."

"గది బుక్కుల చదివినవా? మొకం చూసి నేర్సుకున్నవ్. ఫోన్ల మొకం కనవడది. గందుకే అడగాలె. ఫోన్ చెయ్యి, సమజ్ గాలేదని చెప్పు."

"ఇజ్జత్ పోతది టీచర్."

"బేరం పోతె ఉంటదా? చెయ్యి."

ఆమె ఎదుటే ఫోన్ చేసి, అర్థం కాలేదని వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఒప్పుకున్నాను. అవతల ఆయన నవ్వాడు. సగం గంజులు ముందురోజే వేరేచోట చెప్పేశాడట. మిగతా సగం నాకిచ్చాడు. టీచర్ మూత ధర తగ్గించమని అడగలేదు. నేనూ తగ్గించలేదు. బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఎవరి ఇంగ్లిష్ అయినా అందకపోతే, మామూలుగా చెప్పమని అడుగుతాను. ఓపికగా విడమరచి చెప్పిన మనిషి తొందరగా బేరం వదిలి పోడని కూడా కనిపెట్టాను. టీచర్ చెప్పింది వ్యాపారపు కిటుకు కాదు, కిటుకుగా మార్చుకున్నది నేను. అయితే అర్థం కాలేదని చెప్పేముందు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. వేడెక్కనిచ్చి, అడిగేస్తాను.