గుట్ట తట్టు, చేన్ల తట్టు

సోల్డరింగ్ పొగ వాసన గదిలోంచి అంత తొందరగా పోదు. హిందూపురంలో మా ఇంటి పైగదిలో, కిటికీ తెరిచి, ఫ్యాను ఆపి, ఈ నెలంతా నేను చేస్తున్నది ఒక బల్ల మీద చిన్న రైలు పట్టాలు వేయడం. బెంగళూరులో ఈ సరదా ఉన్నవాళ్లు కొందరున్నారు. తలా ఒక బల్ల చేసుకొచ్చి, ఒకదానికొకటి చేర్చి, వాటి మీద బొమ్మ రైలు నడుపుతారు. నా బల్ల మీదిది మీటరు గేజి. మా వైపు చిన్న లైను అనేవాళ్లు. రెండు పట్టాల మధ్య ఎడం నా చిటికెన వేలి మందమంత. పట్టాలూ, అవి చీలే చోట పెట్టే పాయింట్లూ తయారుగా దొరుకుతాయి. నేను కొనను. కోసుకొని, ఆకురాయితో రాసుకొని, అతుకుతాను. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఆడమనిషికి ఇదేం పిచ్చి అని అడిగినవాళ్లకు ఇంతవరకు సరిగా జవాబు చెప్పలేదు.

మా నాయన చిన్న లైనులో గ్యాంగుమ్యాను. పెనుకొండకూ హిందూపురానికీ మధ్య, పాసింజరు బండ్లు మాత్రమే నిలిచే ఒక స్టేషన్ పక్కన, రెండు గదుల క్వార్టర్సులో ఉండేవాళ్లం. ఎండాకాలం మధ్యాహ్నాలు చెక్క స్లీపర్లకు పూసిన తారు మెత్తబడి వాసన కొట్టేది, బొగ్గు ఇంజను పోయిన ప్రతిసారీ అమ్మ దండెం మీది బట్టలు దులుపుకునేది, కార్తీకంలో చేన్లలో చెనిక్కాయలు పీకుతుంటే పచ్చిమన్ను వాసన ఇంట్లోకి వచ్చేది, ఉడకబెట్టిన కాయలు ఒడిలో పోసుకొని నేను ప్లాట్‌ఫారం చివర కూర్చుని నాయన గ్యాంగు వచ్చే దాకా తినేదాన్ని. గ్యాంగువాళ్లు పగలంతా వరుసలో నిలబడి, బీటర్లనే బరువైన ఇనుప పనిముట్లతో స్లీపర్ల కింద కంకర కుక్కేవాళ్లు. నాయన ఇంటికి వచ్చాక గడప పట్టుకొని కాసేపు వంగి నిలబడి, తర్వాతే కూర్చునేవాడు. అమ్మ ఆముదం కాచి నడుముకు రుద్దేది.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు గ్యాంగు మేస్త్రీ రిటైరయ్యాడు. మేస్త్రీ బీటరు పట్టడు; పట్టా వరస చూసి పనివాళ్లకు చెప్పడమే అతని పని. ఆ చోటికి నాయన పేరు వచ్చింది. ధర్మవరం నుంచి ఇంజనీరు వచ్చి నోటితో ప్రశ్నలడుగుతాడు, చెబితే చాలు. నాయనకు ఆ చెప్పడమే రాదు. ఆయన చేతికి తెలిసింది నోటికి తెలియదు. దొర ముందు నిలబడితే చూపు దొర బూట్ల మీదికి పోయేది.

“పాపా, నువ్వు బడికి పోతాండావు గదా. నాతో చదివిచ్చు,” అన్నాడు.

పండ్ల పెట్టె చెక్క ఒకటి తెచ్చి, దాని మీద వెదురు పుల్లలు స్లీపర్లుగా అంటించి, పాత గొడుగు కమ్ములను పట్టాలుగా పరిచాం. కష్టమైంది పాయింటు. పట్టా రెండుగా చీలే చోట సన్నగా అరగదీసిన రెండు ముక్కలు ఇటూ అటూ కదలాలి. నాయన వాటిని నాలికలనేవాడు. ఏ నాలిక పక్క పట్టాకు అంటుకొని మూసుకుందన్నదాన్ని బట్టి బండి దారి తేలుతుంది; ఏ తట్టు నాలిక మూసుకుంటే బండి దాని ఎదుటి తట్టుకు మళ్లుతుంది. ఒక ఆదివారమంతా ఆయన వాటిని బండ మీద నూరుతూ, వేలితో తడిమి చూస్తూ, మళ్లీ నూరుతూ కూర్చున్నాడు. అతుకు వేయించడానికి పెనుకొండ బజారులో స్టవ్వులు బాగుచేసే కరీం సాబు దగ్గరికి పోయాం.

“ఏమబ్బా, రైలోళ్లకు ఇనుము కరువొచ్చిందా? గొడుగులు పీక్కొని పట్టాలేస్తాండారు!” అన్నాడు కరీం సాబు. “ఈ బండికి టిక్కెట్టు యాడ ఇస్తారు?”

ఇంట్లో అమ్మే ఇంజనీరు. చేటలో బియ్యం ఏరుతూ గొంతు పెద్దది చేసి అడిగేది.

“ఏమప్పా గ్యాంగుమ్యానూ, బండి లూపులోకి పోవల్లంటే ఏ నాలిక మూసుకోవల్ల?” లూపంటే ఎదురు బండి కోసం తప్పుకునే పక్క లైను.

“చేన్ల తట్టుది.”

“దొరకు నీ చేను యాడుండాదో తెలుసా? సరిగా చెప్పు.”

నాయనకు లైనులో అన్నీ అట్లాగే తెలుసు. ఒకటి గుట్ట తట్టు పట్టా, ఒకటి చేన్ల తట్టు పట్టా. అది చదువురానివాళ్ల మాట అన్నాను. మేం చెక్క మీద చేసింది మా క్వార్టర్సు దగ్గరి పాయింటే, ధర్మవరం కొసది. అక్కడ స్టేషన్ వైపు తిరిగి నిలబడితే గుట్ట ఎడమన, చేలు కుడిన.

“కుడి నాలిక అను నాయనా. కింద చూడొద్దు. దొర మొగం చూసి, ధైర్యంగా చెప్పు.”

ఆయన గోడకు నిలబడి, అమ్మ మొహం చూస్తూ, కుడి, కుడి అని నేర్చుకున్నాడు. ఉగాది నాడు ఓళిగ నోట్లో ఉండగా అమ్మ ఉన్నట్టుండి అడిగితే, నములుతూనే కుడి అన్నాడు. ముగ్గురం నవ్వాం.

పండుగైన వారానికి ఇంజనీరు పట్టాల మీద తోసుకొచ్చే ట్రాలీ మీద వచ్చాడు. ట్రాలీ మా కొసన ఆగలేదట. స్టేషన్ దాటి హిందూపురం కొసకు పోయిందట. నేను బడిలో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి నాయన గడపలో కూర్చుని ఉన్నాడు.

“ఏమాయ?” అంది అమ్మ.

“కుడి అంటి.”

“మళ్ల?”

“బండి పడగొడతావు నువ్వు అనె దొర.”

అమ్మ లేచి ఆముదం పొయ్యి మీద పెట్టింది.

మర్నాడు నేను ఆ కొసకు పోయి స్టేషన్ వైపు తిరిగి నిలబడ్డాను. గుట్ట కుడిన ఉంది, చేలు ఎడమన ఉన్నాయి. లూపు గుట్ట తట్టే ఉంటుంది. కొస మారితే మనిషి మొగం తిరిగే దిక్కు మారి, కుడి ఎడమవుతుంది, అంతే. నాయన తన మాటలో చెప్పి ఉంటే రెండు కొసలా ఒకటే జవాబు. ఇంటికి వచ్చి ఏడ్చాను.

“నువ్వు చెప్పిండేది తప్పు గాదు పాపా,” అన్నాడు నాయన. “ఈ కొసకు అది సరే.”

“కిందికి చూసింటే నీకు తెలిసేది గదా నాయనా?”

“చూడొద్దంటివి గదా,” అన్నాడు. కోపంగా కాదు. నేను మర్చిపోయానేమోనని గుర్తుచేసినట్టు.

వేరే ఆయన మేస్త్రీ అయ్యాడు. నాయన మళ్లీ పరీక్షకు పోలేదు. రిటైరయ్యే దాకా బీటరు పట్టాడు. చివరి ఏళ్లలో వంగిన నడుముతోనే నడిచేవాడు. ఎవరైనా అడిగితే రైలు పని అంతే అనేవాడు. నేను లెక్కలు చదివి, పిల్లలకు లెక్కలు చెప్పి, తప్పు ఎక్కడ జరిగిందో చూపించడమే పనిగా బతికాను. ఈ తప్పు మాత్రం ఎవరికీ చూపించలేదు. అమ్మానాయనలిద్దరూ పోయారు.

చిన్న లైను ఎప్పుడో పీకేసి పెద్ద లైను వేశారు. ఆ స్టేషన్లో ఇప్పుడు బండి నిలవదు. స్లీపర్లు సిమెంటువి, కంకర మిషను కుక్కుతుంది, క్వార్టర్సు ఉన్న చోట కంపచెట్లు లేచాయి. అక్కడ దిగి చూడాలంటే ఆటో చేసుకొని పోవాలి, పోయినా చూడ్డానికి ఏమీ లేదు. చేలు చాలా వరకు ప్లాట్లయ్యాయి.

నా బల్ల మీద ఉన్నది ఆ స్టేషన్ హిందూపురం కొస. నాలికలు కుదరక రెండుసార్లు ఊడదీశాను, ఇది మూడోది. నిన్న మధ్యాహ్నం చేన్ల తట్టు నాలిక మూసి, ఒక వ్యాగనును వేలితో మెల్లగా తోశాను. ఎక్కడా తగలకుండా లూపులోకి పోయింది. సరైన జవాబు అది. అడిగేవాళ్లు లేరు, చెప్పాల్సిన మనిషి లేడు.