గోడ మీదుగా అందించిన ఫోను

పోయిన వారం మా ఇంటికి కొత్తగా ఇంటర్నెట్ తీగ లాగిన మనిషి, దీంతోపాటు ఇంటి ఫోను కూడా ఊరికే వస్తుంది మేడమ్, ఒక కార్డ్‌లెస్ సెట్టు కొనుక్కున్నారంటే మోకాళ్ళ నొప్పులతో లేచి హాల్లోకి పరుగెత్తే బాధ ఉండదు అని సలహా ఇచ్చి వెళ్ళాడు. మా చెల్లెలి కూతురు మర్నాడే ఒకటి తెచ్చింది. పెట్టె విప్పగానే నేను ఫోనును పక్కకు జరిపి, అడుగున ఉన్న చిన్న పుస్తకాన్ని తీసి, కళ్ళజోడు తుడుచుకుని చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆ పిల్ల కిసుక్కున నవ్వి, "మొదటి పేజీ ఇటుంది పెద్దమ్మా" అన్నది. ఏళ్ళ తరబడి ఇంగ్లీషు పాఠాలు చెప్పినదానికి మొదటి పేజీ ఎటుంటుందో తెలియదనుకుంది కాబోలు. చివరి పేజీ చదవకపోతే ఏమవుతుందో మాత్రం దానికి తెలియదు. నాకు తెలుసు, నాతోపాటు ఒకప్పటి మా గల్లీకంతటికీ తెలుసు.

అప్పటికి మహబూబాబాద్ జిల్లా కాలేదు. మా నోళ్ళలో అది మానుకోటే. నేను ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు టీచరును, మావారు మండలాఫీసులో గుమాస్తా. గల్లీలో ఫోనున్న ఇల్లు చాలాకాలం మాదొక్కటే కావడంతో, బిల్లు మా పేరున వచ్చినా నంబరు మాత్రం అందరిదీ అయిపోయింది. పెళ్ళి పత్రికల మీద, దుకాణం చీటీల మీద, ఉద్యోగం దరఖాస్తుల మీద మా నంబరు రాసి పక్కన 'టీచరమ్మ ఇల్లు' అని చేర్చేవారు. ఎవరికైనా ఫోనొస్తే ఐదు నిమిషాలాగి మళ్ళీ చెయ్యమని చెప్పి, నేను గోడ దగ్గరికి పోయి కేకేసేదాన్ని. వాళ్ళు చేతిలో పని వదిలేసి వచ్చి మా ముందుగదిలో నిలబడి మాట్లాడేవారు. మేము వినడం లేదన్నట్టు పేపరు తిరగేసేవాళ్ళం, వాళ్ళు ఆ సంగతి నమ్మినట్టే మాట్లాడేవాళ్ళు. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఇదే తంతు నడిచి ఉంటుంది.

మా పక్కిల్లు ఖాలాది. గల్లీ మొత్తం ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేది, నేనూ అంతే. భర్త పోయాక ఆయన కుట్టుమిషను తానే తొక్కి, ఒక్కగానొక్క కొడుకును పెంచి పెద్దచేసిన మనిషి. కొడుకు సౌదీలోని దమ్మాంలో లారీ డ్రైవరు. ప్రతి శుక్రవారం నమాజయ్యాక, మన గడియారం నాలుగు దాటుతుండగా అతని ఫోను వచ్చేది. ముందు తల్లి మాట్లాడేది, తరువాత ఆమె పక్కనే కూర్చుని ఉండగా కోడలు మాట్లాడేది. ఆ కోడలు నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల, క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్ల. అలాంటిది మా ఫోను పట్టుకుంటే ఆఁ, ఊఁ, బాగున్నం, పైలం అనే నాలుగు మాటలు తప్ప ఆమె నోట ఐదో మాట వచ్చేది కాదు. మూడేళ్ళ కూతురు కొంగు పట్టుకుని నిలబడి ఉండేది.

ఆ రోజుల్లోనే మావారు హైదరాబాదు వెళ్ళి కార్డ్‌లెస్ ఫోను కొనుక్కొచ్చారు. దాన్ని బిగించే బాధ్యత నేను ఎవరికీ ఇవ్వలేదు. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నప్పుడు ఆ ఇంట్లో నన్ను మించినవారు ఎవరున్నారు? మొదటిసారి పదహారు గంటలు చార్జి పెట్టిన తరువాతే వాడాలని రాసి ఉంటే, పదహారు గంటలకు ఒక్క నిమిషం తక్కువ కానివ్వలేదు. వచ్చినవాళ్ళంతా చార్జరు దిమ్మె మీద కూర్చున్న ఆ ఫోనును పొయ్యి మీద పాలను చూసినట్టు చూసి వెళ్ళారు. దిమ్మెను టీవీ మీద పెడితే గుర్రుమంటుందని విడిగా చెక్క స్టూలు వేయించాను. మా ఆడబిడ్డ దాని మీద కప్పడానికి ముచ్చటపడి లేసు గుడ్డ అల్లి తెస్తే, చార్జరు వేడెక్కుతుంది, గాలి ఆడాలి అని మొహమాటం లేకుండా తిరిగి ఇచ్చేశాను. కరెంటు పోతే దిమ్మె పనిచెయ్యదు గనుక పాత తీగ ఫోనును తీసెయ్యనివ్వక లోపలి గదిలో అలాగే ఉంచాను. ఇవన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకు అంటించాను కూడా: తడి చేతులతో ముట్టుకోరాదు, ఉరుములు మెరుపులు వస్తే కరెంటు ప్లగ్గూ ఫోను తీగా రెండూ పీకాలి, పాత బ్యాటరీని పొయ్యిలో వెయ్యరాదు, మాట్లాడటం అయ్యాక దిమ్మె మీద పెట్టడం మరువరాదు. మావారు దాన్ని చూసి, స్కూల్లో చాలదని ఇంట్లో కూడా నోటీసు బోర్డు పెట్టావా అని ఏడిపించేవారు. ఏడిపిస్తే ఏడిపించారు గానీ, ఆ ఫోను మా ఇంట్లో ఒక్కరోజు మొరాయించలేదు.

నా పనితనం చూసి రెండిళ్ళ అవతలి ఎరువుల దుకాణం అక్క తానూ అదే ఫోను తెప్పించుకుంది. నేనే స్వయంగా వెళ్ళి దాన్ని బిగించి, కాగితం మీద జాగ్రత్తలు రాసి, ఆమె పెట్టిన సకినాలు తిని వచ్చాను.

కార్డ్‌లెస్ వచ్చాక మా గల్లీ మర్యాదలే మారిపోయాయి. ఎవరూ మా గడప ఎక్కనక్కర లేకుండా ఫోనునే గోడ మీదుగా అందించేదాన్ని. ఖాలా ఇంటి డాబా మీద కూడా మాట బాగా వినపడేది. మొదటి శుక్రవారం ఖాలా మాట్లాడటం అయ్యాక కోడలు ఫోను పట్టుకుని మా ముందుగది వైపు అలవాటుగా చూస్తుంటే నేనే గోడ దగ్గర నిలబడి, "డాబా మీదికి పో బిడ్డా, మనసు విప్పి మాట్లాడుకో, ఎవ్వరికీ వినపడదు. పూచీ నాది" అన్నాను. ఆమె ఇరవై నిమిషాల తరువాత కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ కిందికి దిగింది. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఆ వేసవిలో నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టమని ఆమెను పురికొల్పింది నేనే. సీటు జనగామలో వచ్చింది. ఏడాదిన్నర హాస్టల్లో ఉండాలి, రాబోయే బుధవారం లోపల చేరాలి, చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పిల్లను ఖాలా చూసుకుంటేనే ఇది జరిగే పని. ఖాలా కాదంటే అంతటితో సరి. అందుకే మేమిద్దరం కూడబలుక్కున్నాం. ముందు భర్తను ఒప్పించడం, ఆ తరువాత అతని నోటితోనే తల్లికి చెప్పించడం. కొడుకు అడిగితే తల్లి కాదనలేదని నా లెక్క. శుక్రవారం డాబా మీద మాట్లాడి వచ్చి, ఆయన సరేనన్నాడు టీచరమ్మా, ఆదివారం తానే చేసి అత్తమ్మకు చెప్తానన్నాడు అని నా చెవిలో చెప్పి కోడలు గంతులేసినంత పని చేసింది.

శనివారం పొద్దున నల్లా దగ్గర ఎరువుల దుకాణం అక్క ఖాలాను పట్టుకుని, నీ కోడలు జనగామ హాస్టలుకు పోతదట గద, పిల్లను నీ మీద ఏసి పోతదా అని అందరిలో అడిగేసింది. ఖాలా బిందె అక్కడే వదిలి ఇంటికి వచ్చింది. కాసేపటికి కోడలు మా వంటింటి గుమ్మంలో నిలబడింది. "మనిద్దరికే తెల్సిన ముచ్చట బయటికి ఎట్ల పోయింది టీచరమ్మా? మీరేమన్న చెప్పిండ్రా?" అన్నది. అత్తమ్మ మాట్లాడటం లేదట, అన్నం ముట్టలేదట, నువ్వు గడప దాటేది లేదని కోపంలో ఒక్క మాట మాత్రం అన్నదట.

నేను మామూలుగా ఎవరికీ తగ్గే మనిషిని కాను. ఆ పిల్ల నన్ను అనుమానించినందుకు ఒళ్ళు మండింది. ఆ దుకాణపామె సంగతి ఇప్పుడే తేలుస్తానని కార్డ్‌లెస్ అందుకుని ఆమె నంబరు నొక్కబోయాను. నొక్కకముందే చెవిలో ఆమె గొంతు వినపడింది. వాళ్ళ చెల్లెలితో ఖాలా కోడలి ముచ్చటే చెబుతోంది. అంతకుముందు ఒకటి రెండుసార్లు అందులో యూరియా బస్తాల మాటలు వినపడితే, లైన్లు కలిశాయిలే అనుకుని ఊరుకున్నాను. ఈసారి ఊరుకోలేదు. లోపలికి వెళ్ళి తీగ ఫోను ఎత్తాను, నిశ్శబ్దం. మళ్ళీ కార్డ్‌లెస్ ఎత్తాను, గొంతు. పుస్తకం వెతికి తీశాను. పక్కిళ్ళలో ఇలాంటి ఫోనే ఉంటే చానల్ మార్చుకోవాలని మధ్యలో ఒక పేజీ ఉంది. గల్లీలో ఇంకొకటి లేదు కదా అని మొదట్లో దాన్ని దాటేశాను, ఆ ఇంకొకదాన్ని నా చేతులతోనే బిగించినప్పుడు అది గుర్తుకే రాలేదు. చివరి పేజీలో, చీమల బారులాంటి సన్నటి అక్షరాల్లో, ఈ ఫోనులో మాట్లాడేది ఇతరులకు వినపడదని పూచీ ఇవ్వలేమని రాసి ఉంది. ఆమె గొంతు నాకు వినపడినట్టే, డాబా మీది మాటలు ఆమెకూ వినపడ్డాయన్నమాట. ఫోను తయారుచేసినవాడే ఇవ్వలేని పూచీని, పుస్తకం పూర్తిగా చదవని నేను ఇచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫోను పట్టుకుని ఖాలా ఇంటికి వెళ్ళాను. ఆమె మిషను ముందు కూర్చుని ఉంది గానీ కుట్టడం లేదు. కోడలు గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఖాలా చెవికి ఫోను ఆనించి, ఇంకా మాట్లాడుతూనే ఉన్న దుకాణపామె గొంతు వినిపించాను. తప్పు నీ కోడలిది కాదు ఖాలా, నాది, ఈ ఫోనుది, చివరి పేజీ చదవకుండా ఆ పిల్లకు మాటిచ్చాను అని ఉన్నదున్నట్టు చెప్పాను. క్షమించమని కూడా అడిగాను. అంతకుముందు నేను ఎవరినీ అడిగిన గుర్తు లేదు.

ఖాలా ఫోను నా చేతిలో పెట్టింది. ఆ తరువాత అన్న మాటలు ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఫోనుదేముంది టీచరమ్మా, అది మిషను. నేను కాదంటనని మీరిద్దరు ముందుగాల్నే ఎట్ల అనుకున్నరు? నన్ను ఒక్క మాటన్న అడిగిండ్రా? నాకు సదువు రాదు, గంతే. నలుగురి బట్టలు కుట్టి కొడుకును సాదిన. నా కోడలు బత్కు నేర్చుకుంటనంటే నేనెందుకు అడ్డం పడ్త?"

ఖాలా చదువుకోలేదు, ముసలిది, అత్తగారు, కనుక కాదంటుంది అని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను. కోడలు వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఖాలా ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది గానీ పంపుతాననీ అనలేదు, పంపననీ అనలేదు. నేను లేచి వచ్చేశాను. ఆ రాత్రి మా ఇంట్లో నేను కూడా సరిగ్గా తినలేదు.

ఆదివారం కొడుకు ఫోను వచ్చే వేళకు తీగ ఫోనును ముందుగదిలోకి తెచ్చి, కుర్చీ వేసి, మావారిని బయటికి పంపి, ఖాలాను పిలిచాను. ఆమె వచ్చి కుర్చీలో కూర్చోలేదు. "గిది వద్దు, తీగ లేనిది ఇయ్యి" అన్నది. వద్దు ఖాలా, అందరూ వింటారు అన్నాను. గందుకే ఇయ్యమంటున్న అన్నది. ఫోను తీసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ డాబా మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. కొడుకు ఏదో చెప్పబోతుంటే చెప్పనివ్వలేదు. ఆమె గొంతుకు అసలు ఆ రోజు ఫోనుతో పని లేదు.

"నువ్వు నాకు జెప్పుడేందిరా, నేనే పంపుతున్న. బుధారం నేనే తోల్కపోయి జనగామల దించొస్త. పిల్లను నేను సూసుకుంట. వినేటోళ్ళందరు మంచిగ వినుండ్రి, మల్ల నల్లా కాడ నన్ను అడిగే పనుండదు!"

ఎరువుల దుకాణం అక్క వారం రోజులపాటు నల్లా దగ్గరికి పనిమనిషినే పంపింది. సోమవారం నేను వెళ్ళి ఆమె ఫోను చానల్ మార్చి వచ్చాను, ఈసారి ఆమె సకినాలు పెట్టలేదు. బుధవారం పొద్దున్నే ఖాలా బుర్ఖా వేసుకుని, మనవరాలిని చంకనెత్తుకుని, కోడలి రేకు పెట్టె మావారి చేత మోయించి బస్సెక్కింది. కోడలు నర్సయ్యింది. కొత్తగూడ అడవి పల్లెల్లో కొన్నాళ్ళు, మొగుళ్లపల్లిలో కొన్నాళ్ళు పనిచేసి, ఇప్పుడు భూపాలపల్లి దవాఖానలో ఉంది. బీపీ మాత్రలు మానేశానని తెలిస్తే నన్ను ఫోనులోనే మందలిస్తుంది, క్లాసులో నేను మందలించినట్టే.

ఇప్పుడు ఎవరి ఫోను వారి అరచేతిలో ఉంది. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడానికి పక్కింటి గోడ అవసరం లేదు, అది ఎంతో మంచిది, ఆ నాలుగు మాటల శుక్రవారాలు ఏ ఆడపిల్లకూ మళ్ళీ రాకూడదు. అయినా మానుకోట వెళ్ళినప్పుడు ఆ గల్లీలో నిలబడితే మనసు చివుక్కుమంటుంది. ఇళ్ళు పెద్దవయ్యాయి, గోడలు తల ఎత్తినా అందనంత పైకి లేచాయి, ఏ ఇంట్లో ఎవరున్నారో పక్కింటివారిని అడిగితే తెలియదంటున్నారు. ఖాలా పోయి చాలాకాలమైంది. ఆ ఆదివారం తరువాత ఆమె ఉన్నన్నాళ్ళూ, మా ఇంట్లో పెళ్ళి మాటైనా, మావారి ఆపరేషనైనా, నా బదిలీ అయినా, ముందు గోడ దగ్గరికి పోయి ఖాలాను అడిగేదాన్ని. ఆమె ఒక్కసారి కూడా కాదనలేదు.