ఆఖరి పేజీ ముందు చదివే ఇల్లు

అద్దె పుస్తకాల కొట్టుకు బైండింగు చేసే ఆయన వేళ్ల మీద ఎప్పుడూ మైదా జిగురు ఎండి పొలుసులుగా లేస్తుండేది. ఆ వేళ్లతోనే ముప్పై ఏళ్లుగా ఇంటికి తెచ్చిన ప్రతి నవలా ముందు ఆఖరి పేజీ తెరిచి భార్యకు చదివి వినిపించేవాడు. ఆ తర్వాతే మొదటి పేజీ. లేకపోతే ఆవిడ విననంటే విననని భీష్మించుకు కూర్చునేది.

"ముందే తెలిసిపోతే ఇంకేం మజా ఉంటుందే?"

"నీ మజా నీ దగ్గరే పెట్టుకో. కథలోవాళ్లు ఉంటారో పోతారో తేలకపోతే పొయ్యి మీద కూర మాడుతుంది నాకు. ఏడ్చేదేదో ముందే ఏడ్చేస్తే తర్వాత హాయిగా వినొచ్చు."

అన్నట్టే ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "ఊఁ, ఇప్పుడు కానీ" అనేది.

ఆవిడ కడుపునొప్పికి పరీక్షలయ్యాక డాక్టరు ఆయన్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు. మహా అయితే రెండు నెలలన్నాడు.

"ఏమన్నాడు?" అంది ఆవిడ బయట.

ఆయన మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మందులు వాడితే తగ్గిపోతుందట."

ఆవిడ ఇంకేమీ గుచ్చి అడగలేదు. చివర ఏమిటో తేల్చుకోకుండా ఊరుకోవడం ఆవిడకు అదే మొదలు.

మర్నాడు కొత్తగా కుట్టిన నవల తెచ్చి, అలవాటు కొద్దీ వెనక నుంచి తెరవబోయాడు.

"వద్దు. మొదటి నుంచే చదువు."

మొదటి పేజీ తెరిచి, వెంటనే పుస్తకం మూసేశాడు. రాసినవాడెవడో గానీ, వానలు తగ్గేలోపు కథానాయిక చనిపోతుందని మొదటి వాక్యంలోనే చెప్పేశాడు.

"మొదటి పేజీ లేదే. చిరిగిపోయింది."

"బైండింగు చేసేవాడి చేతిలో చిరిగిన పుస్తకమా! ఎవరైనా వింటే నవ్విపోతారు. చదువయ్యా."

తప్పక చదివాడు. ఆవిడ ఏడవలేదు. గోడవైపు తిరిగి, "మొత్తం ఎన్ని పేజీలు?" అంది.

"రెండొందల పది."

"రోజుకి రెండు చాలు. గబగబా లాగించేయకు."

అలాగైతే మూడున్నర నెలలు పడుతుందనబోయి, నాలుక కరుచుకున్నాడు.

ఎనభయ్యారో పేజీ దగ్గర చదవడం ఆగిపోయింది.

కొట్టువాళ్లు ఆ నవల ఏదని అడిగితే పోయిందన్నాడు. గుర్తుకు పెట్టిన కుట్టుదారం ముక్క ఆ పేజీలో అలాగే ఉంది. మిగతాది ఆయనా చదవలేదు. చదవడానికేముంది, చివర తెలిసిందే.